పొగగొట్టంలో ముళ్ళపొద

డీలియా గాకన్ ఇంట్లో పొగగొట్టం తుడిపించి ఆరేళ్ళయింది. సెప్టెంబరులో మేయో కొండల మీంచి చలిగాలి దిగింది. పొయ్యి ముట్టించిన ప్రతిసారీ పొగ పైకి పోవడం మానేసి, చుట్టంలా గదిలోకొచ్చి కూర్చుంటోంది. తుడిచే మనిషిని పిలుద్దామంటే తమ్ముడు ఫెస్టీ ఒప్పుకోలేదు.

"మనిషెందుకక్కా? నాన్న ఏం చేసేవాడు? ముళ్ళ ఆకుల పొద ఒకటి నరికి, తాడు కట్టి గొట్టంలో పైకీ కిందికీ లాగేవాడు. అంతే!"

"నాన్న చాలా చేసేవాడు. అందులో సగం పోలీసులకి చెప్పలేదు."

అయినా శనివారం పొద్దున్నే ఫెస్టీ నిచ్చెన వేసుకుని కప్పెక్కాడు. డెబ్భై దాటిన డీలియా బూడిద చల్లారిందో లేదో తడిమి చూసి, పాత దుప్పటి పరిచి, పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని తాడు అందుకుంది.

పొద సగం దిగి ఇరుక్కుపోయింది.

"లాగక్కా!"

"లాగుతూనే ఉన్నా. నువ్వు వదలరా!"

"ఎప్పుడో వదిలేశా!"

దోసెడు మసి డీలియా నెత్తిన పడింది. పైవాడికి వినపడదనే ధీమాతో ఆమె పొయ్యిలో తలపెట్టి గొణిగింది.

"నాన్న పొలం వీడికి రాసి, వీణ్ణి నాకు రాసి పోయాడు. పేడ ఎత్తమంటే మోకాలు నొప్పి. అదే మోకాలితో పబ్బుకి రెండు మైళ్ళు నడుస్తాడు. పదేళ్ళుగా నా రొట్టె తింటున్నాడు, బాగుందన్న పాపాన పోలేదు."

గొట్టంలోంచి ఫెస్టీ గొంతు దిగింది.

"ఉప్పెక్కువ. అందుకే అనలేదు."

డీలియా గతుక్కుమంది. "విన్నావా?"

"నేనేంటి, రోడ్డు మీద పక్కింటి ఓనా టియర్నీ సైకిలాపి మరీ వింటోంది. ఆపేశావేంటి, మిగతాది కూడా చెప్పమంటోంది."

సిగ్గుతో చచ్చిపోవాల్సింది. కానీ ఎలాగూ పరువు పోయాక దాచుకుని ఏం లాభం అనిపించిందామెకి. గొంతు సవరించుకుని పావుగంట సేపు మిగతాది చెప్పింది. పూర్తయ్యేసరికి గుండెల మీంచి బండ దించినట్టయింది.

డీలియా కబురు పెడితే మధ్యాహ్నం పొగగొట్టాలు తుడిచే బ్రైడీ లవెల్ వచ్చింది. పొదని పీకింది. దాని వెనకే రెండు గోతాల కాకిగూడు పుల్లలు, నల్లగా మెరిసే పెచ్చులు రాలాయి. ఒక పెచ్చు ఫెస్టీ ముక్కు ముందు పెట్టింది.

"ఇది మసి కాదు బాబాయ్, తారు. రవ్వ తగిలితే గొట్టమంతా అంటుకుంటుంది. పైన గూడు అడ్డమాయె. విషపు గాలి గదిలో నిండితే నిద్రలోనే పోయేవాళ్ళు."

"మా నాన్న నలభై ఏళ్ళు పొదతోనే..."

"మీ నాన్న ఇల్లు ఎన్నిసార్లు తగలబడింది?"

ఫెస్టీ టోపీ సవరించుకున్నాడు. "రెండుసార్లు."

"మూడు," అంది డీలియా. "మూడోసారి నువ్వు తాగి గొడ్లపాకలో పడున్నావ్."

బ్రైడీ గొట్టం మీద ఇనుప వల బిగించింది. ఏటా తుడిపించాలనీ, చిత్తడినేలలోంచి కోసిన పెళ్ళలు బాగా ఎండాకే కాల్చాలనీ, బూడిద మూతున్న రేకు బకెట్‌లో ఎత్తి గోడకి దూరంగా రాతి మీద పెట్టాలనీ చెప్పింది. విషపు గాలి వస్తే కూతపెట్టే డబ్బా ఒకటి గోడకి తగిలించింది.

"ఈ ఇంట్లో అరిచేవాళ్ళు చాలరా?" అన్నాడు ఫెస్టీ.

సాయంత్రం డీలియా పొయ్యి ముట్టించింది. పొగ తిన్నగా పైకి పోయింది. ఫెస్టీ బూట్లు విప్పి, వేడంతా తనకే అన్నట్టు కాళ్ళు చాపాడు. "కాళ్ళు తియ్యరా," అంది డీలియా. అతను కాళ్ళు ముడుచుకుని ఆమె కుర్చీకి చోటిచ్చాడు.