వెనక గోడ

పాత మగ్గం కర్రల్లో రెండోదాన్ని గోడకు ఆనించి, దాని మొదట్లో బండరాయి పెడుతుండగా కమలాకర్ చెయ్యి జారింది. వేలు చితికి రక్తం కారింది.

"కట్టు తర్వాత కట్టుకుందువు గని, పట్టు బిడ్డా. గోడ ఆగదు," అంది తల్లి కొమురమ్మ. కొడుకు మీద జాలి లేక కాదు. మబ్బు మళ్ళీ కమ్ముకొస్తోంది.

మొన్నటి వానకు ఇంటి వెనక మురుగు నాలా పొంగి, అమీర్‌పేట వెనక గల్లీలోని ఆ ఇంట్లో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు పోయాయి గానీ వెనక గోడ నానిపోయి బయటికి ఉబ్బింది. రేపు పొద్దున మున్సిపల్ ఇంజనీరు సర్వేకు వస్తాడు. గోడ నిలబడి ఉంటే మరమ్మతుకు అనుమతి ఇస్తాడు. కూలి ఉంటే ఉండటానికి పనికిరాదని రాసి ఖాళీ చేయిస్తాడు. కొమురమ్మ భర్త, చనిపోయిన మల్లయ్య కూలి చేసి కట్టిన అరవై గజాల ఇల్లు అది.

కర్రలు సిరిసిల్లవి. మగ్గం తిండి పెట్టని రోజుల్లో దాన్ని విప్పి లారీలో వేసుకొచ్చారు. ముప్పై ఏళ్ళు అటక మీదే ఉన్నాయి. ఎవరు అడిగినా కొమురమ్మ అమ్మలేదు. కోడలు ప్రమోద మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల పాత ఫ్లెక్సీలు కిలో ఇరవై చొప్పున కొని, మిషన్ మీద కలిపి కుట్టి గోడకు కప్పింది. 'నూరు శాతం ఉద్యోగ గ్యారంటీ' అన్న అక్షరాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఈ పనికోసం మానేసినందుకు పంజాగుట్ట బట్టల దుకాణంలో కమలాకర్‌కు రోజుకు ఆరు వందల చొప్పున రెండు రోజుల జీతం పోయింది.

మూడో కర్ర ఎత్తకముందే విజయేందర్ వచ్చాడు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ కొని హాస్టళ్ళు లేపినవాడు. వెనక ముగ్గురు మనుషులు, చేతుల్లో గడ్డపారలు.

"అవ్వా, మీ పానాల కోసమే చెప్తున్న. రెండు రోజులు నా హాస్టల్ల ఉండుర్రి. గోడ నేను కట్టిపిస్త."

"వజ్రమ్మకు సుత గట్లనే చెప్పినవు," అంది కొమురమ్మ.

పక్కింటి వజ్రమ్మ ఆ మాట నమ్మి పోయినేడు ఇల్లు వదిలింది. ఇప్పుడు ఆ చోట అయిదంతస్తుల హాస్టల్ ఉంది. అందులోనే ఆమె అంట్లు తోముతోంది. నమ్మించి గొంతు కోయడానికి కత్తి అక్కర్లేదు, రెండు రోజులన్న మాట చాలు.

విజయేందర్ నవ్వాడు. "గోడను మేం ముడ్తలేం. కర్రలు తీస్తం, గంతే. గోడ సంగతి వాన చూస్కుంటది."

ఒక్క గుంజుకు ఫ్లెక్సీ చిరిగింది. అడ్డం వెళ్ళిన కమలాకర్ మోకాలి మీద గడ్డపార పడింది. ఎముక విరిగిన చప్పుడు ప్రమోదకు వినపడింది. కింద పడ్డా అతను కర్రను వదల్లేదు. వేళ్ళను బూటుకాలితో నలిపితే గానీ పట్టు వీడలేదు. ప్రమోద కత్తెర తీసి ఒకడి ముంజేతిని చీల్చింది. వాడు ఆమెను జుట్టు పట్టి రాళ్ళ మీదికి విసిరాడు. రెండు కర్రలూ నాలాలో పడ్డాయి. గోడలోంచి మట్టి పెళ్ళ ఒకటి జారింది.

కొమురమ్మ ఏడవలేదు. కర్ర ఉన్న చోటికి వెళ్ళి, గోడకు వీపు ఆనించి, మడమలు బురదలో తన్నిపట్టి నిలబడింది.

"మీద పడి చస్తవ్ అవ్వా."

"చస్త. గోడ కింద నా పీనుగుంటే పోలీసులొస్తరు, వాన చేసిందంటే ఎవ్వడు నమ్మడు."

విజయేందర్ కనుసైగ చేశాడు. గడ్డపార మొదలుతో ఒకడు ఆమె భుజం మీద కొట్టాడు. ముసలి ఒళ్ళు వంగింది. పాదాలు కదల్లేదు.

హాస్టల్ వెనక తలుపు తెరుచుకుని వజ్రమ్మ వచ్చింది. చేతులకు సబ్బు నురగ ఇంకా ఉంది.

"వజ్రమ్మా, లోపటికి పో. పిల్లల భోజనాల టైం అయితుంది," అన్నాడు విజయేందర్.

"పోను."

ఏడాదిలో ఆమె ఆ మాట అనడం ఇదే మొదలు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. నేరుగా గోడ దగ్గరికి నడిచింది.

"జర జరుగు అక్కా," అని కొమురమ్మ పక్కన వీపు ఆనించింది.

వాన మొదలైంది. ఇంజనీరు వచ్చే పొద్దు ఇంకా దూరమే. ఇద్దరి వీపుల మీద గోడ బరువు పెరుగుతోంది.