మూడో పాటలో గర

నది మా ఫ్యాక్టరీ మూడో మెట్టు దాటి లోపలికి వచ్చిన ఏడాది అది. ఆ వరదకు ముందు, ఆ వరదకు తర్వాత అని మా వీధిలో ఇప్పటికీ లెక్క చెప్పుకుంటారు. నీళ్లు తొమ్మిది రోజులున్నాయి. బురద ఏడాదిపాటు పోలేదు. సొరుగుల్లో బురద, తాళాల కన్నాల్లో బురద. మా అమ్మాయి పడుకునే గదిలో గోడకు వీపు ఆనిస్తే చొక్కా చెమ్మగిల్లేది.

నాది రికార్డుల ఫ్యాక్టరీలో వినే పని. కొత్త అచ్చు నుంచి వచ్చిన మొదటి రికార్డు నా బల్ల మీదికి వస్తుంది. హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటి నుంచి చివరి దాకా వినాలి. పాట వినకూడదు, తప్పు వినాలి. గీత పడితే టిక్కు. మోటారు బాగోకపోతే హోరు. అచ్చులో మట్టి పడితే గరగర, దాన్ని మేము గర అంటాం. ఎన్నో పాటలో ఏముందో చీటీ మీద రాసి వెనక్కి పంపితే అచ్చు కడుగుతారు, లేదా కొత్తది చేస్తారు. అంకెలూ ఆ మూడు మాటలూ రాయడానికి నేను చదివిన మూడో తరగతి సరిపోయింది. ఫ్యాక్టరీలో నన్ను చెవుల తాత అంటారు.

ఇంటికి రాగానే రెండు చెవుల్లోనూ దూది పెట్టుకునేవాణ్ణి. కత్తికి ఒర ఉన్నట్టు చెవికి దూది. ఆ దూదితోనే తినడం, దూదితోనే పడుకోవడం. వాళ్లమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. "మా నాన్నతో మాట్లాడాలంటే అర్జీ పెట్టుకోవాలి," అనేది మా అమ్మాయి.

తను పియానో వాయిస్తూ పాడేది. బస్టాండులో టిక్కెట్లిచ్చే స్నేహితురాలు డ్రమ్ములు వాయించేది. బృందమంతా ఆ ఇద్దరే. ముఖానికి సున్నం కొట్టినట్టు పౌడరు, కళ్ల కింద కాటుక కారిన గీతలు, మగవాళ్ల పాత కోట్లు. జోలపాటలా మొదలుపెట్టి, రెండో చరణానికల్లా ఇల్లు అంటుకున్నట్టు అరిచేవారు. ఇంటి యజమాని మీద పాట, పంటినొప్పి మీద పాట, పెళ్లి ఫోటోలు తీసేవాడి మీద పాట. అది నాటకమా, కచేరీనా, తగువా అనేది చూసినవాళ్లకే తేలేది కాదు. నేను ఒక్కసారి వెళ్లాను. దూది తియ్యలేదు.

వరద తీసిన మూడో నెలలో వాళ్ల మొదటి రికార్డు మా ఫ్యాక్టరీకే వచ్చింది. మూడో పాట నెమ్మది పాట, అరుపుల్లేవు. అందులో గర ఉంది. చీటీ మీద రాశాను. ప్రెస్సు కడిగి మళ్లీ తీశారు. మళ్లీ గర. మళ్లీ రాశాను. అచ్చు మార్చారు, ఈలోగా వాళ్లు ఆ పాట కొత్తగా పాడి కొత్త టేపు పంపారు. అందులోనూ గర. మూడో చీటీ రాశాను.

ఫోర్‌మాన్ వచ్చి నా బల్ల మీద చెయ్యి వేశాడు. "చెవుల తాతా, ప్రెస్సు కడిగా. అచ్చు మార్చా. ఇంక కడగాల్సింది నీ చెవులే."

"గర ఉంది," అన్నాను.

"ఉంటే టేపులోనే ఉంది. నాకు సంబంధం లేదు."

ఆ సాయంత్రం మా అమ్మాయి కంచం నా ముందు పెట్టి, చెవిలో దూది తనే పీకింది. "ఎలా ఉంది నాన్నా?"

"మూడోదాంట్లో గర ఉంది."

"గర సంగతి కాదు. పాట ఎలా ఉంది?"

"గర పోతే చెప్తా."

తను నవ్వింది. నవ్వి, దూది మళ్లీ నా చెవిలో పెట్టింది. ఆ పాట తీసేసి వేరే పాట పెట్టారు. గర పోలేదు, నేను చెప్పలేదు.

వరద తర్వాత మూడో చలికాలంలో తను మంచం పట్టింది. పెద్ద డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. నిమిషం కూడా వినలేదు. "ఇది ఎప్పట్నుంచి ఉంది?" అన్నాడు. "ఈమధ్యే," అన్నాను. "ఈమధ్యది కాదు పెద్దాయనా, ఏళ్ల నాటిది," అన్నాడు. అప్పుడు కూడా నాకు ఆ పాట గుర్తు రాలేదు. నలభై రోజులకు మా అమ్మాయి పోయింది.

వరద తర్వాత ఆరో ఏట డ్రమ్ముల పిల్ల మిగిలిపోయిన పాటలన్నీ పోగుచేసింది. తీసేసినవి, సగంలో ఆపినవి, వంటింట్లో టేపు చేసినవి, మొత్తం పదకొండు. వాటితో ఒక రికార్డు వేయించింది, అప్పట్లో తీసేసిన మూడో పాటను ఇందులోనూ మూడోదిగానే పెట్టింది. ఫ్యాక్టరీలో దాన్ని నా బల్ల మీదికి రానివ్వలేదు. "నువ్వొద్దులే తాతా," అని ఫోర్‌మాన్ వేరేవాడికి ఇచ్చాడు. ఇంటికి ఒకటి ఇచ్చారు గానీ, అట్ట కూడా విప్పలేదు.

ప్రతి రికార్డులోనూ ఒక కార్డు పెట్టారు, విన్నవాళ్లు ఏమనుకున్నారో రాసి పంపమని. అవి కట్టలు కట్టలుగా డ్రమ్ముల పిల్లకు వచ్చేవి. ఆదివారం మధ్యాహ్నాలు వచ్చి నాకు చదివి పెట్టేది.

"ఇది వినండి బాబాయ్. 'మీ పియానో అమ్మాయి అరుపుకు మా పిల్లి బీరువా ఎక్కింది, ఇంకా దిగలేదు. ఇంకొకటి పంపండి, మా అత్తగారికి ఇవ్వాలి.'"

నేను దూదిలోంచే నవ్వాను.

"ఈయనది క్షౌరశాలట. 'షాపులో రోజూ వేస్తున్నాను. ఇద్దరు రావడం మానేశారు, నలుగురు కొత్తగా వచ్చారు.' ఇంకోడు చూడండి, 'వదిలేసినవి వదిలేయాల్సింది. నిన్నటి కూర వేడిచేసి పెట్టారు.' వీడి నోరు పడ."

"తిననీ," అన్నాను. "నిన్నటి కూరకే రుచి."

"అబ్బో, ఈవారానికి మీ మాటల కోటా అయిపోయింది బాబాయ్."

ఎక్కువ కార్డులు మూడో పాట మీదే ఉండేవి. లోపల ఏదో గరగరమంటోంది, ఏమిటా వాయిద్యం అని. హార్మోనియం తిత్తికి చిల్లు అని ఒకడు, గోడకు గరుకు కాగితం రుద్దారని ఒకడు. సగం మంది అదే బాగుందన్నారు, సగం మంది అది తీసేస్తే పాట బాగుపడుతుందన్నారు. రెండో విడత అచ్చు వేసే ముందు ఆ గర తీయించాలా, ఉంచాలా అని కంపెనీ వాళ్లు అడుగుతున్నారట.

"మీరు చెప్పండి బాబాయ్. మీ అమ్మాయి సంగతి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

"చూద్దాం," అన్నాను.

తర్వాతి కార్డు తీసి ఆమె చదవడం మొదలుపెట్టి ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి గట్టిగా చదివింది.

"'ఊపిరితిత్తుల వార్డులో పద్దెనిమిదేళ్లు నర్సుగా చేశాను. మూడో పాటలో ఉన్నది వాయిద్యం కాదు. ఆ అమ్మాయి ఛాతీ. ప్రతి చరణానికి ముందూ ఊపిరి తీసుకునేటప్పుడు వస్తోంది. అప్పటికింకా వైద్యానికి లొంగే దశే అయి ఉండాలి. అట్ట మీద ఆమె పోయిందని చదివి రాస్తున్నాను. పక్కన ఉన్నవాళ్లెవరూ వినలేదా?'"

నేను రెండు చెవుల్లోంచీ దూది తీశాను. "వెయ్యి," అన్నాను.

ఆమె అట్ట విప్పి, రికార్డు పెట్టి, సూది మూడో పాట మీద దించింది. పాట మొదలు కాకముందే గర వచ్చింది. నేను కళ్లు మూసుకుని వేలితో బల్ల మీద తిరుగుళ్లు లెక్కపెట్టాను. అచ్చులో మట్టి ఉంటే ఆ మట్టి రికార్డుతోపాటు తిరుగుతుంది. తిరుగుడుకొకసారి, గడియారంలా వస్తుంది. పనిలో చేరిన మొదటి రోజు నేర్పేది అదే. ఈ గర అలా రాలేదు. ఊపిరి తీసుకున్నప్పుడు వచ్చింది. పాడుతుంటే పోయింది. మళ్లీ తీసుకుంటే వచ్చింది. ఆ ఏడాది ఏది విన్నా బురదే వినపడేది నాకు. లెక్కపెట్టలేదు. మూడుసార్లు విన్నాను, ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

డ్రమ్ముల పిల్ల కింద కూర్చుండిపోయింది. "చేతికందేంత దూరంలో కూర్చునేదాన్ని బాబాయ్. నా మోతలో నాకే వినపడలేదు. ఫ్యాక్టరీ వాళ్లు గర ఉందంటే, నెమ్మది పాటకు కర్రల బదులు డ్రమ్ము మీద రుద్దే నా బ్రష్షుల గోల అనుకున్నాం. నాలుగు జతలు మార్చాను. తను నా మీద కసురుకుంటే రెండు వారాలు మాట్లాడలేదు నేను. రెండు వారాలు."

నేను సూది ఎత్తి పక్కకు పెట్టాను.

"మీ ఫ్యాక్టరీలో ఎవరో చీటీలు రాశారట కదా. ఎవరే అని మీ అమ్మాయినడిగితే, 'ఎవడో చెవిటివాడులే, వదిలెయ్' అంది. అంతమందిలో ఆయనొక్కడికే వినపడింది. ఆయనెవరో దొరికితే ఒక్కమాట అడగాలని ఉంది. ఏం విన్నావయ్యా అని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంట్లో మీకెప్పుడైనా వినిపించిందా బాబాయ్?"

"లేదు," అన్నాను.

అది అబద్ధం కాదు. ఇంట్లో దూది ఉంది.

ఆమె కార్డులు మళ్లీ కట్ట కట్టి, నర్సు కార్డు ఒక్కటీ బల్ల మీద వదిలి వెళ్లింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, "నాదే తప్పు బాబాయ్," అంది. నేను ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తానని ఆమెకు తెలుసు, వినే పని నాదేనని తెలియదు. ఆమె దగ్గర నా పేరు చెప్పకుండా దాచిపెట్టి పోయింది మా అమ్మాయి. ఆ దాపు వెనకే నిలబడ్డాను.

మర్నాడు పొద్దున దూది పెట్టుకోకుండా ఫ్యాక్టరీకి వెళ్లాను. పాత చీటీలు ఏడాదికొక డబ్బా చొప్పున బీరువా మీద ఉంటాయి. వరద ఏడాది డబ్బాకు ఇంకా తుప్పు మరక ఉంది. మూడు చీటీలు తీసుకున్నాను. హెడ్‌ఫోన్లు మేకుకు తగిలించే ఉన్నాయి, ముట్టుకోలేదు. ఫోర్‌మాన్ ఎక్కడికని అడిగితే, "బస్టాండుకి," అన్నాను.

టిక్కెట్ల కిటికీ దగ్గర నా ముందు ఆరుగురున్నారు. నా వంతు వచ్చాక చీటీలు అద్దం కింది సందులోంచి లోపలికి తోశాను.

ఆమె ఒక్కొక్కటే చూసింది. మూడింటి మీదా ఒకటే. మూడో పాట, గర. కింద నా వంకర అక్షరాలతో నా సంతకం.

"బాబాయ్," అంది.

"విన్నాను. నేనే," అన్నాను. "బురద అనుకున్నాను. నీ బ్రష్షులు కాదు."

ఆమె చీటీల మీంచి చెయ్యి తియ్యలేదు. నా వెనకాయన గొంతు సవరించుకున్నాడు.

"పాట ఎలా ఉందని అడిగింది ఆ రోజు," అన్నాను.

"ఏం చెప్పారు?"

"గర పోతే చెప్తానన్నాను."

"తాతా, ఏ ఊరో తేల్చుకుని చెప్పు. బండి కదిలిపోతోంది," అన్నాడు వెనకాయన.

"గర తీయించకమ్మా," అని, ఆయనకు చోటిచ్చి పక్కకు జరిగాను.