దొంగరాత

పది రోజుల కిందట కొబ్బరి షెడ్డులో కూలబడిన మరిడమ్మ పేరు కోసం నర్సు రత్నమాల అక్కడికొచ్చి ఫోనులో వెతికింది. పేరు ఎదుట ‘పరీక్ష అయింది, మామూలు’ అని ఉంది. మరిడమ్మకు గర్భసంచి ముఖద్వారం కేన్సరనీ, ముదిరిపోయిందనీ పెద్దాసుపత్రిలో చెప్పి వారమే అయింది.

“మరిడమ్మకి పరీక్షెప్పుడు చేసేరండీ?” అని అచ్చాయమ్మ నిలదీసింది. పదిహేనేళ్ళుగా ఆమే, మరిడమ్మా పక్కపక్కనే కూర్చుని కొబ్బరి కొడుతున్నారు.

రత్నమాల తల దించుకుంది. “చెయ్యలేదు. మీకు పెట్టిన పరీక్షల శిబిరంలో గదీ లేదు, లైటూ లేదు. సాయంత్రానికల్లా లెక్క చూపించమన్నారు. మీ నలభై ఇద్దరికీ అయిపోయినట్టు రాసేసేం.”

అచ్చాయమ్మ చీర వెనక్కి తిప్పి చూసుకుంది. రెండు నెలలుగా తనకూ నెత్తుటి మరక కనబడుతోంది. ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ గుమిగూడారు. రేపే ఆసుపత్రికెళ్ళి నిజం పరీక్ష అడుగుదామంది అచ్చాయమ్మ.

“అక్కడ చూపించుకోవడం సిగ్గు కాదేంటే?” అంది కనకదుర్గ.

“చచ్చేక నలుగురూ కడిగేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకే?” అంది అచ్చాయమ్మ.

రత్నమాల విడమర్చి చెప్పింది. “పెద్ద మిషన్లేం అక్కర్లేదు. వెనిగర్ లాంటి మందు దూదితో అద్ది ఒక్క నిమిషం ఆగితే, తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. అప్పుడే వేడితో మాడ్చేస్తే చాలామందికి కేన్సర్ దాకా పోదు.”

“ఒక్క నిమిషం! ఆ నిమిషమే మరిడమ్మకి లేకుండా చేసేరు!” అంది అచ్చాయమ్మ.

షెడ్డు యజమాని తాతాజీ అరిచాడు. “రేపు లారీ కదలాలి. రానివాళ్ళు మరింక రానక్కర్లేదు!”

మర్నాడు ఒక్కరూ పనిలోకి వెళ్ళలేదు. ఊరి ఆసుపత్రి గేటు ముందు బైఠాయించారు. పోలీసులొచ్చి లెమ్మన్నారు. లేవలేదు.

డాక్టరు బయటికొచ్చాడు. “అచ్చాయమ్మగారూ, మీరొక్కరూ రండి, చూసేస్తాను. మిగతావాళ్ళని పంపించెయ్యండి.”

ఆమెకు మరక గుర్తొచ్చింది. వెళ్ళాలనిపించింది. వెనక కూర్చున్నవాళ్ళని చూసింది. “ఆయ్, వస్తానండి. వీళ్ళందరితోనూ వస్తాను. ముందా దొంగరాత కొట్టెయ్యండి.”

రెండో రోజు మరిడమ్మ పోయింది. ఆమెను సాగనంపి, తడిబట్టలతోనే తిరిగొచ్చి మళ్ళీ కూర్చున్నారు.

నాలుగో రోజు సామాన్ల గది ఖాళీ అయింది. తెర కట్టారు. లైటు పెట్టారు. అమలాపురం నుంచి డాక్టరమ్మ వచ్చింది. అందరి పేర్ల ఎదుటా పాత రాత కొట్టేశారు.

మొదట అచ్చాయమ్మ వెళ్ళింది. బయటికొచ్చి గుమ్మం పట్టుకు నిలబడింది. దాచిపెట్టినా అడిగేవాళ్ళు లేరు.

“నాకు తెల్లమచ్చ కనబడిందర్రా,” అంది అందరికీ వినబడేలా. “ఇప్పుడే మాడ్చేసేరు. ఏడాదికి మళ్ళీ రమ్మన్నారు. కాస్త నొప్పంతే.”

అప్పుడే తాతాజీ గేటు దగ్గర బండి దిగాడు. “మిగతావాళ్ళు రండి. ఈ అచ్చాయమ్మని మాత్రం పనిలోంచి తీసేసేను!”

కనకదుర్గ లేచి కొంగు దోపుకుంది. “పరీక్షయ్యేక వస్తామండీ. వస్తే అందరం. దాన్ని తీసేస్తే ఎవరమూ రాం.”

అనేసి గదిలోకి నడిచింది. ఆమె వెనక ఇంకో మనిషి లేచింది.