జానెడు దూరం

స్పీకర్లను పొడిగుడ్డతోనే తుడవాలి, అదీ పైనుంచి కిందికి. ఈ నియమం పెట్టింది ఆయన, ముప్ఫై ఏళ్లు పాటించింది ఆవిడ. వాటికి ఎదురుగా, హాలు మధ్యలో ఒక్కటే కుర్చీ. అక్కడ కూర్చుని వింటే పాడేవాళ్లు కళ్లెదుట నిలబడ్డట్టే ఉంటుందట. అందులో ఆయన కూర్చునేవాడు, స్నేహితులొస్తే వంతులవారీగా వాళ్లు. ఆవిడ టీ కప్పులు పెట్టి వెళ్లిపోయేది. "వంటింట్లో వాళ్లకి పాట వినబడుతుంది గానీ, పాడేవాళ్లు కనబడరు," అని ఆయన ఓసారి అంటే అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో ఇరుక్కున్న వెంట్రుకలాగే ఉంది.

పదకొండేళ్ల కిందట ఆయన స్పీకర్లకు ఖరీదైన కొత్త వైరు బిగించి ఆఫీసుకు వెళ్లాడు. ఆవిడ గోడవార నేల తుడవడానికి స్పీకర్లను జానెడు ముందుకు లాగింది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగితే పరిగెత్తి, వాటిని వెనక్కి నెట్టడం మరిచిపోయింది. సాయంత్రం ఆయన కుర్చీలో కూర్చుని ఉలిక్కిపడ్డాడు. గాయని గోడకి అవతల నిలబడి పాడుతోందట, వయొలిన్ ఆమెకి ఇంకా వెనకట. అంతా వైరు మహిమేనని కనబడినవాళ్లందరికీ చెప్పాడు. ఆవిడకి అనుమానం వచ్చింది. మర్నాడు ఆయన లేనప్పుడు పాట పెట్టి, కూర్చునే ధైర్యం చాలక కుర్చీ వెనక నిలబడి వింది. స్పీకర్లను గోడకి నెడితే గాయని గోడకి అంటించిన బొమ్మైపోయింది. జానెడు లాగితే మళ్లీ మనిషైంది. ఆవిడ నోరు విప్పలేదు. ఆ జానెడు మాత్రం రోజూ తుడిచాక కొలిచి పెట్టేది.

ఆయన పోయిన మూడో నెలలో మరిది ఆ స్పీకర్ల సెట్టు కోసం వచ్చాడు. వదినకి ఓ చిన్న రేడియో చాలుగా, తనే కొనిపెడతానన్నాడు. పరామర్శకు వచ్చిన జనానికి చోటు చాలక ఎవరో గోడకి నెట్టిన స్పీకర్లు అలాగే ఉన్నాయి. మరిది పాట పెట్టి, కుర్చీలో కూర్చుని మొహం చిట్లించాడు.

"అన్నయ్యతోనే దీని ప్రాణమూ పోయింది. వైరు పాడైనట్టుంది వదినా."

ఆవిడ గుడ్డ భుజాన వేసుకుని వెళ్లి, రెండు స్పీకర్లనూ జానెడు లాగి, కాస్త కుర్చీ వైపు తిప్పింది. మరిది కుర్చీలో ముందుకు వంగాడు. ఎదురుగా ఎవరో ఉన్నట్టు, తనకి తెలియకుండానే చెయ్యి చాచాడు.

"ఏం చేశావు వదినా?"

"పదకొండేళ్లుగా చేస్తున్నదే. అది వైరు కాదు, నేను నేల తుడవడం. సెట్టు ఎక్కడికీ పోదు, ఆ రేడియో నువ్వే ఉంచుకో. ఇక లే నాయనా. ఆ పాడే మనిషెవరో నేనూ ఒకసారి కూర్చుని చూడాలి."