కరివేపాకులో ఒకటి ఆకు కాదు

గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో కరివేపాకు కుండీ రేణుకదే అయినా, ఆకు మాత్రం అందరిదీ. ఆ పొద్దున కూడా రెండో అంతస్తు రత్నమాల వచ్చి, "రెండు రెమ్మలివ్వమ్మా, పులిహోర చేస్తున్నాను" అంది. రేణుక చేతికందిన కొమ్మ తుంచి ఇచ్చేసింది.

ఆమె వెళ్లిన కాసేపటికే బాల్కనీలోంచి కూతురు దేవిశ్రీ కేక. "అమ్మా! నా పురుగు ఏదే?"

అది ఉన్న కొమ్మనే తుంచి ఇచ్చేశానని రేణుకకు అప్పుడు తట్టింది. ఆ పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉండేది. గుడ్డతో తుడవబోతే పిల్లే చెయ్యి పట్టి ఆపింది. పిట్టలు కూడా రెట్టే అనుకుని దాని జోలికి రాలేదు. పెరిగాక ఆకు రంగు తెచ్చుకుంది. మొన్న కొమ్మకు సన్నటి పోగుతో తనను తాను కట్టుకుని, పచ్చటి గూడుగా మారి ఆకుల్లో కలిసిపోయింది. అందులోంచి సీతాకోకచిలుక వస్తుందని పిల్ల స్కూలంతా చెప్పుకుంది.

"పిట్టల్ని మోసం జేసింది సరే, నన్ను గూడ జేసిందిగదే! ఉరుకు బిడ్డా!"

ఇద్దరూ చెప్పులైనా లేకుండా మెట్లు దిగారు. రత్నమాల వంటింట్లో ఆవాలు చిటపటలాడుతున్నాయి.

"ఆంటీ, ఆగుండ్రి! కరివేపాకు ఎయ్యకుండ్రి!" గుమ్మంలోంచే అరిచింది రేణుక.

"పామును చూసినట్టు ఆ అరుపేంటమ్మా?"

"దాంట్ల సీతాకోకచిలుక ఉంది!"

"నా పులిహోరలోనా!" రత్నమాల ఠక్కున స్టవ్ కట్టేసింది.

కొమ్మను గట్టు మీద పెట్టి ముగ్గురూ వంగారు. ఎటు చూసినా ఆకులే.

"కళ్లజోడు తెస్తానుండు."

"అద్దాలకు గూడ దొరకదాంటీ."

దేవిశ్రీ పెదవి వణికింది. చూపుతో లాభం లేదని రేణుక గట్టిగా కళ్లు మూసుకుని, కొమ్మ పొడవునా మెల్లగా వేళ్లతో తడిమింది. పల్చగా, పల్చగా, ఇంకా పల్చగా... ఒక్కచోట బొద్దుగా తగిలింది.

"దొరికిందే! ఉందే, సల్లగుంది!"

పిల్ల గంతులేసింది. రత్నమాల గరిటె పట్టుకునే, "నేనూ వస్తాను, మళ్లీ చెట్టుకు కడదాం. బాక్సు ఆలస్యమైతే మా ఆయన క్యాంటీన్లో తింటాడులే" అంటూ బయల్దేరింది.

పైకి వెళ్లే లిఫ్టులో, రాత్రి డ్యూటీ దిగి వస్తున్న ఒకాయన ఉన్నాడు.

"జర జరగుండ్రి సార్, పైలం!" అంది రేణుక, కొమ్మకు దోసిలి అడ్డుపెట్టి.

ఆయన తొంగి చూశాడు. "కరివేపాకేగదండీ?"

దేవిశ్రీ కళ్లు మెరిశాయి. "అమ్మా, అంకుల్‌కు గూడ కనబడలే!"