అలాంటి కోట లేదు

మా ఆఫీసులో ఉన్నది నలుగురం, చేసేది ఒకటే పని. యుద్ధం ఆట ఒకటి ఉంది. ఆడేవాళ్ళు లక్షల్లో ఉంటారు, ఒక్కొక్కరికి పటం మీద ఒక్కో కోట. ఆట మాది కాదు. అంత పెద్ద పటంలో ఎవరి కోట ఎక్కడుందో వెతికిపెట్టే సైటు మాత్రం మాది.

ఆ వెతికే పేజీని నాకంటే ముందు ఎవరు తయారుచేశారో గాని, వాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి వాళ్ళచేతే వాడించాలని నాకు కసిగా ఉండేది. దూరానికో గడి, జనాభాకో గడి, జట్టుకో గడి. అన్నీ నింపి మీట నొక్కితే ఫలితం వచ్చేది గాని నింపిన అంకెలన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. ఒక్క అంకె మార్చాలన్నా మళ్ళీ అ ఆ ల నుంచి మొదలుపెట్టాలి. వాడేవాళ్ళు తిట్టి తిట్టి అలిసిపోయాక మా మేనేజరు ఆ పని నాకు అప్పగించాడు. ఏదడిగినా ఇప్పుడే కావాలంటాడని ఆయనకు మేం పెట్టుకున్న పేరు ఇప్పుడేగారు.

కష్టపడ్డాను. గడులు తీసేసి వేలితో జరిపే గీతలు పెట్టాను. గీత జరుపుతుంటే పటం మీద చుక్కలు అప్పటికప్పుడు మారతాయి. పెట్టిన అంకెలు పెట్టినట్టే ఉంటాయి. అందరూ ఎక్కువగా అడిగినది కూడా చేర్చాను: యజమాని కొన్నాళ్ళుగా రాని కోటలు ముందు కనబడటం. కాపలా లేని కోటను దోచుకోవడం తేలిక కదా, అందుకని. చివరికి ఏమీ దొరకనప్పుడు వచ్చే వాక్యాన్ని కూడా వదల్లేదు. 'మీరు కోరిన షరతులకు సరిపోయే కోటలు ప్రస్తుతం లభ్యం కానందుకు చింతిస్తున్నాము' అని సంతాప సభలా ఉండేది. అదంతా కొట్టేసి 'అలాంటి కోట లేదు' అని రాశాను. మూడే మాటలు. నాకు చాలా నచ్చింది.

సరిగ్గా అప్పుడే మా మామగారికి గుండె ఆపరేషను పడింది.

ఆయన జీవితమంతా బస్సు నడిపారు. రిటైరయ్యాక ఊరుకోలేక ఈ ఆటలోకి దిగారు. యుద్ధాలు చేయరు. కోట పెంచుతారు, దారులు చూసుకుంటారు, పటం ముందు పెట్టుకుని గంటలు గడిపేస్తారు. కోటకు 'రెండో గేరు' అని పేరు పెట్టారు. ఎత్తు ఎక్కాలంటే అదే గతి అంటారు. ఆస్పత్రికి బయలుదేరుతుంటే, పాస్‌వర్డ్ చెప్పండి, మీరొచ్చేదాకా నేను చూసుకుంటానని మా ఆయన అడిగాడు.

"బండి తాళం పరాయి చేతికివ్వను."

"కొడుకు పరాయివాడా నాన్నా?"

"బండి దగ్గర పరాయివాడే" అని కారెక్కేశారు.

ఆయన ఆస్పత్రిలో ఉండగా నేను కొత్త పేజీని పరీక్షించాను. ఆ పటంలో నాకు తెలిసిన చోటు మామగారి కోట ఒక్కటే కాబట్టి అక్కడే మొదలుపెట్టాను. 'కొన్నాళ్ళుగా కదలిక లేదు' అన్న వైపుకు గీత జరిపాను. జాబితాలో మొట్టమొదటి పేరు రెండో గేరు.

రేపు ఈ పేజీ అందరి చేతికీ వెళ్తుంది. ఆయన కళ్ళు తెరిచేలోపు కోటలో గింజ మిగలదు, ఆ దొంగలకు దారి చూపించింది నేనే అవుతాను. పక్కనున్నవాళ్ళు టీకి లేచినప్పుడు పేజీని నడిపే ప్రోగ్రాంలో ఒక్క వరుస రాశాను: ఈ కోటను ఎవరు వెతికినా చూపించొద్దు. కంచే చేను మేసినట్టు కాదూ అని లోపల ఏదో గొణిగింది. నేను మేయలేదు, ఒక్క మడికి రెండు ముళ్ళు ఎక్కువ వేశానంతే, అని దాని నోరు మూయించాను.

పేజీ బయటికి వెళ్ళింది. మెచ్చుకుంటూ బోలెడు ఉత్తరాలు వచ్చాయి. ఇప్పుడేగారు జీవితంలో మొదటిసారి "నిదానంగా ఇంటికెళ్ళమ్మా" అన్నాడు. నాకు మాత్రం కుదురు లేదు. ఆపరేషను బాగా జరిగిందన్నారు, ఆయన్ని వార్డుకు మార్చారు, మా ఆయన ట్యాబు తీసుకెళ్ళి ఇచ్చాడు. అయినా నేను ఒకచోట కూర్చోలేకపోయాను. ఆఫీసులో ఉంటే ఆస్పత్రి మీద, ఆస్పత్రిలో ఉంటే ఆ ఒక్క వరుస మీద మనసు.

దానికి తోడు జలగ ఒకటి పట్టుకుంది. జనం ఏం వెతికి ఏమీ దొరక్క వెనక్కి పోయారో మాకు తెలుస్తుంది. మనిషెవరో తెలియదు గాని, ఒకే మనిషి వెతికినవన్నీ మా చిట్టాలో ఒకచోట పడతాయి. పేజీలో జనం ఎక్కడ తడబడుతున్నారో చూద్దామని దాన్ని తెరిస్తే, ఎవరో ఒకే మనిషి రెండో గేరు కోసం వెతుకుతున్నాడు. పేరు పెట్టి వెతికాడు. పేరు తీసేసి, సరిగ్గా ఆ చోటు పెట్టి వెతికాడు. దూరం పెంచాడు. ఇంకా పెంచాడు. ఆఖరికి పటం మొత్తం వెతికాడు. ఒకసారి కాదు, పూటపూటకీ.

ఎంత పంతం వీడికి అని ఒళ్ళు మండింది. కాలుగాలిన పిల్లిలా కుర్చీకీ కిటికీకీ మధ్య తిరిగాను. మంచంమీదున్న మనిషి కోట మీద వీడికెందుకింత కన్ను? ఎంతైనా వెతుక్కో, దొరకదు అనుకున్నాను. పైగా కాస్త గర్వం కూడా.

ఆ సాయంత్రం మా ఆయన దిగులుగా ఇంటికొచ్చాడు.

"నాన్న ఏదోలా ఉన్నారు. మనింటి గేటు ఏ రంగని అడిగారు."

"నువ్వేమన్నావ్?"

"పచ్చ అన్నాను. నేనూ అదే అనుకున్నా అన్నారు. పరీక్ష నాకో, ఆయనకో అర్థం కాలేదు. మత్తు వల్ల కొన్నాళ్ళు అలా ఉంటుందంటున్నారు డాక్టరు."

మర్నాడు ఆఫీసుకు సెలవు చెప్పి, పని మాత్రం వెంటపెట్టుకుని వార్డుకు వెళ్ళాను. మామగారు గోడవైపు ఒత్తిగిలి ఉన్నారు. మనిషి సగమయ్యారు. నేను స్టూలు మీద కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను.

"అమ్మాయ్, నేను నడిపింది బస్సేనా?"

"కాదు మామయ్యా, విమానం."

మామూలుగా అయితే నా ఒక్క మాటకు రెండు అప్పజెప్పేవారు. నవ్వనైనా లేదు. ట్యాబు తీసుకుని దుప్పటి చాటున పెట్టుకున్నారు. నాకు ఏం చేయాలో తోచక జలగ సంగతి చూద్దామని నా తెర తెరిచాను.

దుప్పటి చాటున వేలు టక్కుమంది. నా తెర మీద కొత్త వరుస పడింది: రెండో గేరు, ఏమీ దొరకలేదు. మళ్ళీ టక్కుమంది. దూరం పెరిగింది, ఏమీ దొరకలేదు. ఇంకోసారి. పటం మొత్తం, ఏమీ దొరకలేదు.

లాప్‌టాప్ మూసేశాను.

"ఏం చూస్తున్నారు మామయ్యా?"

"నీ పనే. బాగా చేశావమ్మా, అంకెలు చెరిగిపోవడం లేదు." నా వైపు తిరిగారు. "ఒకటడుగుతాను, అబ్బాయికి చెప్పకు. నాకో కోట ఉండేదా?"

స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాను.

"పాస్‌వర్డ్ గుర్తు రావడం లేదు. సరే, మత్తు అనుకున్నా. కనీసం కోట ఉందో లేదో చూద్దామని నీ దాంట్లో వెతికాను. అలాంటి కోట లేదంది. పేరు తప్పేమోనని చోటు పెట్టాను. లేదంది. నువ్వు చేసిన పనిలో తప్పుండదుగా. అంటే తప్పు నా బుర్రదే. దారులు, గోడలు, కొట్లు, అన్నీ నేనే ఊహించుకున్నానన్నమాట. అలాంటప్పుడు ఇంకేది నమ్మను? అందుకే గేటు, బస్సు, ఒక్కోటీ అడిగి చూసుకుంటున్నా. పిచ్చెక్కుతోందేమో అమ్మాయ్."

అంతా చెప్పేశాను. తల ఎత్తకుండా, ఆగకుండా చెప్పాను. ఆయన వింటున్నంతసేపూ ట్యాబు అంచును గట్టిగా పట్టుకునే ఉన్నారు.

"నన్నడగలేదే?"

"మీరు మత్తులో ఉన్నారు."

"లేచాక?"

లాప్‌టాప్ మళ్ళీ తెరిచాను.

"దోచుకుంటే దోచుకుంటారు, మళ్ళీ కట్టుకుంటాను. బతికున్నవాణ్ణి పటంలోంచి తీసేస్తావా? రాత్రి కళ్ళు మూసుకోవాలంటే భయమేసింది నాకు. పొద్దున్నకి ఇంకేం ఉండదో అని." ఆయన కోపంగా ఉన్నారు. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ నా మీద ఆయన కోపం నేను చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడే కూర్చుని ప్రోగ్రాంలోంచి ఆ వరుస తీసేశాను. "ఇప్పుడు చూడండి" అన్నాను.

ఆయన వెంటనే నొక్కలేదు. నొక్కితే రాకపోతేనో అన్నట్టు నా వైపు చూశారు. తరవాత నొక్కారు. మొదటి పేరు రెండో గేరు. పేరు చదివారు, చోటు చదివారు, జనాభా చదివారు, మళ్ళీ పేరు చదివారు. కళ్ళజోడు తీసి దుప్పటి కొసతో తుడుచుకున్నారు. తుడవాల్సింది అద్దాలు కాదని ఇద్దరికీ తెలుసు. నేనూ ఏడ్చాను.

"పాస్‌వర్డ్ మరిచిపోయానని మాత్రం అబ్బాయికి చెప్పకు."

"రోజూ ఎవరో ఒకరు మరిచిపోతూనే ఉంటారు మామయ్యా. కొత్తది పెట్టుకోడానికి మీట ఉంది."

"ముందే చెప్పొద్దూ" అని విసుక్కున్నారు. ఆ విసుగు వింటే ప్రాణం లేచొచ్చింది. "అది సరే, అలాంటి కోట లేదు అన్న మాట ఎవరు రాశారు?"

"నేనే."

"మార్చెయ్."

"ఏమని రాయను?"

"మాకు కనబడలేదు అని రాయి. కనబడకపోవడం మీ సంగతి. లేదనడానికి మీరెవరు?"

రాశాను. మార్చానో లేదో నమ్మకం లేక ఆయన ఏదో నోటికొచ్చిన పేరు కొట్టి వెతికారు. 'మాకు కనబడలేదు' అని వచ్చింది. తృప్తిగా తలాడించి ట్యాబు నా చేతికిచ్చి వెనక్కి వాలారు.

"గేటు పచ్చదేగా?" కళ్ళు మూసుకుని అడిగారు.

"పచ్చదే. బస్సు నడిపిందీ మీరే."

"ఇందాక విమానమన్నావ్" అన్నారు.