రోడ్డు రాని బిట్టు

కనకరాజు నోటి మాట దిమ్మ కట్టిన బెల్లంలాంటిది. వానపడితే తప్ప కరగదు. కూతురు బిందుమాధవికి ఆయన ఇచ్చిన మాట ఇది: బెల్లం కొట్టు పైన మేడలో నీ బొమ్మలు పెట్టుకో. ఆదివారం సాయంత్రంలోగా మన చుట్టం కానివాడెవడైనా ఒక్క బొమ్మ కొనుక్కుని పట్టుకెళ్తే మేడ నీది, ఎన్నాళ్లైనా గీసుకో. లేదంటే సోమవారం పొద్దున్నే మేడ మీదకి దిమ్మలెక్కుతాయి, నువ్వు కింద గల్లాపెట్టె దగ్గర కూర్చుంటావు.

బొమ్మలంటే నెమళ్లూ దేవుళ్లూ కావు. చదరాలు, ముక్కోణాలు, వాటి మధ్య గీతలు. విశాఖపట్నంలో చదివి మరీ నేర్చుకుంది. మేనమామ పరదేశి వాటన్నిటినీ ఓపిగ్గా చూసి, గళ్లు బాగానే కొట్టావు గానీ బొమ్మలెప్పుడేస్తావని అడిగాడు. ఆ పిల్ల వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

శనివారం ముగ్గురొచ్చారు. ఇద్దరు చుట్టాలు. మూడోవాడు మేడ మీద పళ్ల డాక్టరు ఉంటాడనుకుని వచ్చాడు. దవడ పట్టుకునే కాసేపు చూసి వెళ్లిపోయాడు.

రాత్రి బిందుమాధవి అన్నం తినలేదని అక్క చెప్పేసరికి పరదేశికి కాస్త గుచ్చుకుంది. గుచ్చుకున్నా మంచి ఆలోచన వచ్చే బుర్ర కాదది. ఒక పెళ్లిలో మగపెళ్లివారి చెప్పులన్నీ మూటగట్టి తుని బస్సెక్కించిన మనిషి.

ఆదివారం పొద్దున్న మార్కెట్ దగ్గర టీ కొట్టుకెళ్లాడు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. టీ కొట్టు పైడిరాజు చెవిలో, మా బావ మేడ మీద గళ్లు గీసి పెట్టారు, ఎవరికీ చెప్పకు అన్నాడు. అంతే. అనకాపల్లి జిల్లా అయిన దగ్గర్నుంచి నాలుగు రాళ్లు పాతిన చోటల్లా స్థలాలు కొనడానికి నలభై మంది చేరుతున్న ఊరు. పది గంటలకి మేడమెట్ల మీద చెప్పులు పెట్టడానికి చోటు లేదు.

ఆ జనం బొమ్మల్ని చూసినట్టు ఏ ఊళ్లోనూ ఎవరూ చూసి ఉండరు. కళ్లజోళ్లు తుడుచుకుని, మెడలు పక్కకి వంచి, ఉత్తరం ఎటో తేల్చుకుని మరీ చూశారు. పసుపుపచ్చ బొమ్మలో ఈశాన్యం పెరిగింది, శుభమన్నారు. నల్లగీత తిన్నగా వచ్చి ఊదా గడికి తగిలిన చోట వీధిపోటు ఉంది, ఇంటి పెద్దకి మంచిది కాదన్నారు. ఆ జనంలోనే ఉన్న రాజశ్రీ టీచరు ఒక ఎర్ర చదరం మీద వేలు పెట్టి, ఇది బుక్కయిపోయిందా అని అడిగింది.

బిందుమాధవికి అప్పటికి గానీ అర్థం కాలేదు. "ఇవి ప్లాట్లు కావండీ, బొమ్మలు" అంది.

"అప్రూవల్ రాకముందు అందరూ అలాగే సెప్తారమ్మా" అంది టీచరు, తల నిమురుతూ.

కాదన్నకొద్దీ నమ్మకం పెరిగింది. పరదేశి సీలింగు ఫ్యాను కేసి శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఏటి సేసేవు మావయ్యా?"

"నేనేటి సేసేను? గళ్లన్నాను. గళ్లు కావేటి?"

మధ్యాహ్నం కనకరాజు మేడెక్కాడు. ఎక్కీ ఎక్కగానే ఒకాయన చేతిలో అడ్వాన్సు పెట్టబోయాడు. బజార్లో పేరున్న మనిషికి అంతకంటే భయం ఇంకోటి లేదు. కుర్చీ ఎక్కి, ఇది లేఅవుట్ కాదు బాబూ, మా అమ్మాయి గీసిన బొమ్మలు, కొన్నవాడికి గోడకో మేకు తప్ప ఇంకేటీ రాదని గట్టిగా చెప్పేశాడు. కరెంటు పోయిన సినిమా హాలులా మేడ ఖాళీ అయింది. దిగుతూ టీచరు కూడా బిందుమాధవి తల నిమరలేదు.

"పొద్దున్నే దిమ్మలెక్కించడానికి కలాసీల్ని రమ్మను" అన్నాడు కనకరాజు బావమరిదితో.

పరదేశికి నవ్వు రాలేదు. నిన్నటిదాకా జనానికి ఈ మేడ సంగతి తెలీదంతే. ఇప్పుడు తెలిసి రారు. బిందుమాధవి మొదటి బొమ్మ మేకు నుంచి తీసింది.

అప్పుడు చూశారు, మూల ఒక ముసలాయన మిగిలిపోయి ఉన్నాడు. నక్కపల్లి వైపు చెరుకు రైతు, సత్తియ్య. అతని ముందున్న బొమ్మలో గీతలూ ముక్కోణాలూ ఏవీ లేవు. నిండుగా ఒక్క ఆకుపచ్చ చదరం.

"ఇందల రోడ్డు ఎటొత్తాదమ్మా?"

"రోడ్డు లేదు తాతా."

"ఇప్పుడు నేదు. తరవాత?"

"తరవాతా రాదు. ఇది బొమ్మ."

ఆయన తన చేను సంగతి చెప్పాడు, ఎవరి చేను సంగతో చెప్పినట్టు. నాలుగు మూలల చేను. సర్కారు వేసిన పెద్ద రోడ్డు ఆ మూల నుంచి ఈ మూలకి కోసుకుపోయింది. ఇప్పుడు రెండు మూడుమూలల ముక్కలు. ఇటు ముక్కలోంచి అటు ముక్కలోకి వెళ్లాలంటే వంతెన దాకా నడిచి తిరిగి రావాలి.

"అయితే నాకిదే ఇయ్యి" అన్నాడు.

ఊరికే పట్టుకెళ్లు తాతా అనబోయింది బిందుమాధవి. మధ్యలోకి కనకరాజు చెయ్యి వచ్చింది.

"ఊరికే ఏటే? రంగు సూసేవా ఎలాగుందో? ఎక్కడైనా మచ్చుందా?"

అప్పటిదాకా ఆ బొమ్మ కేసి కన్నెత్తి చూడని మనిషి, నాలుగంచులూ వేలితో తట్టి చూపిస్తున్నాడు. సత్తియ్య ఒక ధర అన్నాడు. కనకరాజు నవ్వి తల తిప్పుకున్నాడు. సత్తియ్య మెట్లు దిగాడు, కనకరాజు పిలిచాడు. మళ్లీ దిగాడు, మళ్లీ పిలిచాడు. పరదేశి నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. చివరికి బేరం తెగింది.

సత్తియ్య బొమ్మని వెలుగులోకి తిప్పాడు. "ఈ మూల రాసిందేటి?"

"నా పేరు తాతా."

"అమ్మేసినాక కూడా నీ పేరే ఉంటాదా?"

"ఉంటాది."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి పరిచాడు. "పర్నేదులే. నా సేనూ అంతే. పాస్‌బుక్కులో పేరు నాదే, రోడ్డు ఆళ్లది."

తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

"నీ మనిషేనా?" అన్నాడు కనకరాజు.

కాదని పరదేశి ఒట్టేశాడు. జీవితంలో అతను వేసిన మొదటి నిజం ఒట్టు అది. ఎవరూ నమ్మలేదు. అయినా కనకరాజు మేడ తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు. చుట్టం మాత్రం కాదు కదా అన్నాడు.

సోమవారం దిమ్మలు కింద వరండాలో దిగాయి. తన పేరు చెడకుండా మేడ గుమ్మానికి బోర్డొకటి రాయమన్నాడు కనకరాజు. బిందుమాధవి స్కేలు పెట్టి మరీ రాసింది: ఇచ్చట ప్లాట్లు అమ్మబడవు.

బోర్డు ఆరేలోగా మెట్ల నిండా మళ్లీ చెప్పులు.